అడవిపందిపై రైఫిలు: బరువు గొట్టమా, తేలిక గొట్టమా?

ములుగు ప్రాంతములో యాసంగి మక్క కంకి పాలు పట్టు దశకు వచ్చినదనగానే అడవిపందుల బెడద ఎక్కువగును. పగలెల్ల పొదలలో పడియుండి, చీకటిపడి ఊరు సద్దుమణిగిన పిమ్మట మంద చేనిలో దిగును. అది తినునది కొంత. విరిచి, త్రొక్కి, పొర్లి పాడుచేయునది అంతకు ఎక్కువ. వానాకాలపు వరికిని, వేరుసెనగకును ఈ పీడ తప్పదు గాని, మక్క రైతుకు తగిలిన దెబ్బ వేరు. కంకి దశలో విరిగిన మొక్క మరల కంకి వేయదు గదా.

ఆ మధ్య గోవిందరావుపేట మండలములో జరిగిన రైతుల సమావేశమునకు వెళ్ళియుంటిమి. చెప్పదలచినది మక్కలో కత్తెర పురుగు సంగతి. అయిదు నిమిషములైనను గడువక ముందే వెనుక వరుసలో నుండి ఒక పెద్దాయన లేచినాడు. “పురుగు సంగతి తర్వాత జెప్పుండ్రి సారూ. రెండెకరాల మక్కల పందులు పడి రెండు రాత్రులల్ల సగం చేను పండవెట్టినయి. పర్మిషన్ దెచ్చుకుంటం, షికారీని పిలిపిస్తం. బరువు గొట్టం తుపాకి అయితే దూరం గొడ్తదంట, తేలిక గొట్టమయితే గురి తప్పుతదంట. ఏది మంచిదో జర చెప్పుండ్రి” అని అడిగినాడు. సభలో కొందరు నవ్విరి. ఆయన నవ్వలేదు.

పంటల పాఠము చెప్పువారికి తుపాకి గొట్టముతో పనియేమని మేమును మొదట అనుకొంటిమి. కాని చేను కాచుకొనుటయు సేద్యములో భాగమే. ఆ నాడు “తెలిసికొని చెప్పెదను పెద్దయ్యా” అని వచ్చి, లైసెన్సు గల షికారీలను అడిగి, గురి కాల్చు చోటికి పోయి కన్నులార చూచి, ఈ పాఠము వ్రాయుచున్నాము. తుపాకి పట్టువాడు రైతు కాకపోవచ్చును. అయినను చేను రైతుది. ఏ తుపాకి, ఎక్కడి నుండి, ఏ దిక్కునకు కాల్చవలెనో అడుగు హక్కు రైతుకు కలదు. అడుగుటకు కొంత తెలిసియుండవలెను.

ముందు చట్టము సంగతి

అడవిపంది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ గల జంతువు. ఈ చట్టమును 2022లో సవరించినారు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్న పట్టికలలో పంది రెండవ షెడ్యూలులో నున్నది. అది మనుష్యుల ప్రాణమునకు గాని, నిలిచియున్న పైరుతో సహా ఆస్తికి గాని ముప్పు తెచ్చినదని తోచినప్పుడు, 11వ సెక్షను ప్రకారము రాష్ట్రపు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారియో, ఆయనచే అధికారము పొందిన అధికారియో కారణములు చూపి వ్రాతమూలకముగా వేటకు అనుమతి ఈయవచ్చును. నోటిమాట అనుమతి కాదు. తెలంగాణలో 2021లో గ్రామ సర్పంచులకు గూడ ఈ అనుమతి విషయమున పాత్ర కల్పించిరి. అయినను మీ ఊరికి నేడు ఎవరి సంతకము చెల్లునో అటవీశాఖ రేంజి కచేరిలో కనుగొని కదలుడు. బీహారులో 2015లోను, ఉత్తరాఖండములో 2016లోను కేంద్ర ప్రభుత్వము కొంతకాలమునకు పందిని హానికర జంతువుగా ప్రకటించియుండెను. ఆ వార్త విని ఇక్కడ కూడ పందిని ఎవరైన కొట్టవచ్చునని అనుకొనుట పొరపాటు. ఏటూరునాగారము అభయారణ్యము హద్దులలో నైతే ఆ తలంపే కూడదు.

తుపాకి లైసెన్సు వేరొక చట్టము క్రిందిది. 1959 నాటి ఆయుధముల చట్టములోని 13వ సెక్షను పంట కాపుదలకు పేర్కొన్నది మూతి నుండి మందు కూరు తుపాకిని. మనవైపు దీనినే బర్మారు అందురు. అది చాలదని అధికారికి నమ్మకము కలిగినచో నున్నని గొట్టముగల వేరు తుపాకికి లైసెన్సు ఈయవచ్చును. గొట్టము లోపల మరచుట్లు గల రైఫిలు ఈ కోవలోనిది కాదు. దానికి వేరుగా తగిన కారణము చూపి పొందవలెను. కనుక పంట కొరకని రైఫిలు కొనబోవు రైతు కంటె, రైఫిలు గల షికారీని అనుమతి పత్రముతో పిలిపించుకొను రైతే మనలో ఎక్కువ. ఒకరి లైసెన్సు తుపాకిని మరొకరు పట్టి కాల్చరాదు. “మా అన్నదే గద” అను మాట ఠాణాలో పనికిరాదు.

గొట్టపు మందము వలన కలుగునది, కలుగనిది

పెద్దాయన విన్న మొదటి మాట, బరువు గొట్టము దూరము కొట్టుననుట, నిజము కాదు. గుండు వేగము తూటాలోని మందును బట్టియు, కొంతవరకు గొట్టపు పొడవును బట్టియు ఉండును. గొట్టపు గోడ దళసరిగా నున్నంత మాత్రమున గుండు వేగము పెరుగదు. ఒకే పొడవు, ఒకే తూటా అయినచో బరువు గొట్టపు గుండును, తేలిక గొట్టపు గుండును ఒకే దూరము పోవును.

దళసరి వలన కలుగునవి రెండు. ఒకటి గట్టిదనము. కాల్చినప్పుడు గొట్టము తీగవలె కంపించును. సన్నని గొట్టము ఎక్కువగా, దళసరి గొట్టము తక్కువగా కంపించును. కడ్డీ గట్టిదనము దాని మందము యొక్క నాలుగవ ఘాతమును అనుసరించి పెరుగును. మందము రెట్టింపైన గట్టిదనము 16 రెట్లగును. లోపలి రంధ్రమును లెక్కించక చూచినచో, మందము అయిదవ వంతు పెరిగిన మాత్రముననే గట్టిదనము రెట్టింపునకు వచ్చును. బరువు మాత్రము ఒకటికి 1.44 వంతులగును. మంచెకు వేయు వాసములు ఎంచునప్పుడు మనము చేయునదియు ఈ లెక్కయే, వ్రాసుకొనము, అంతే.

రెండవది వేడి. ఒక్కొక్క తూటాకు గొట్టము కొంత వేడెక్కును. వేడికి ఇనుము సాగును. తయారీలో లోహమునందు మిగిలిన ఒత్తిడి వలన ఒక ప్రక్క ఎక్కువ, ఒక ప్రక్క తక్కువ సాగి, గొట్టము కంటికి కనబడనంత వంగును. గురి మెల్లగా ఒక ప్రక్కకు జరుగును. తేలిక గొట్టములో లోహము తక్కువ గనుక త్వరగా వేడెక్కును. బరువు గొట్టము వేడెక్కుటకు ఎక్కువ తూటాలు పట్టును. అయితే ఒకసారి వేడెక్కినదనగా చల్లారుటకును అదే ఆలస్యము చేయును. అమ్మువారు ఈ రెండవ సంగతి చెప్పరు.

గురి కాల్చు చోట మేము చూచినదియు ఇదే. ఒక తేలిక గొట్టపు రైఫిలుతో ఎడము లేకుండ ఆరు తూటాలు కాల్చినారు. మొదటి మూడు రంధ్రములు నిమ్మకాయంత చోటులో పడినవి. అయిదవది పైకి జరిగినది. ఆరవది ఇంకను పైకి, రెండు వ్రేళ్ళ వెడల్పు తొలగి పడినది. గొట్టమును తాకి చూచితిమి, చేయి నిలువలేదు. తుపాకిని నీడలో ఆరబెట్టి అరగంట తరువాత కాల్చగా, గుండు మరల మొదటి చోటనే పడినది. పెద్దాయన విన్న రెండవ మాటలో, అనగా తేలిక గొట్టము గురి తప్పుననుటలో, ఉన్న నిజము ఇంతే. వరుసగా కాల్చిన తప్పును. ఒకటి రెండు తూటాలకు తప్పదు.

బరువు గొట్టము ఎవరి కొరకు పుట్టినది

అమెరికాలో విశాలమైన బీడు భూములపై నేలలో బొరియలు చేయు చిన్న జంతువులు పైరును, పచ్చికను పాడుచేయును. వానిని అక్కడివారు వార్మింట్లు అందురు. పిడికెడంత జంతువును రెండు మూడు వందల గజముల దూరము నుండి, బల్లపై తుపాకి ఆనించి, పగటివేళ వరుసగా కాల్చుట అక్కడి పద్ధతి. ఒక్క పూటలో పదుల కొలది తూటాలు ఖర్చగును. అచ్చట గొట్టము వేడెక్కి గురి అంగుళము జరిగినను జంతువు తప్పును. తుపాకిని బండిలో తెచ్చుకొందురు గాని భుజముపై మోయరు. ఇట్టి పనికి దళసరి గొట్టమే తగినది. వార్మింటు రైఫిలను పేరు అందు నుండి వచ్చినదే. మామూలు వేట రైఫిలు మూడు, మూడున్నర కిలోలు తూగగా, అట్టి బరువు గొట్టపు రైఫిలు దూరదర్శినితో కలిసి అయిదు కిలోలకు చేరును.

ఇప్పుడు మన చేను చూడుడు. రెండెకరములు, మూడెకరములు. ఒక ప్రక్క అడవి, ఒక ప్రక్క వాగు, ఒక ప్రక్క గూడెము. పంది కనబడు దూరము ముప్పది నుండి అరువది గజములు. వచ్చునది రాత్రి. మొదటి తూటా మ్రోగినదనగా మంద చెల్లాచెదరై క్షణములో చేను దాటును. ఒక రాత్రికి ఒకటి, మిక్కిలి అయిన రెండు తూటాలు. గొట్టము వేడెక్కు ప్రసక్తి యెక్కడ?

లెక్క వేసి చూతము. నూరు గజముల దూరములో గుండ్లన్నియు మూడంగుళముల చోటులో వేయు తేలిక గొట్టము, ఒక్క అంగుళములో వేయు బరువు గొట్టము ఉన్నవనుకొనుడు. నలువది గజములకు మొదటిది అంగుళమున్నర లోపల, రెండవది అరంగుళము లోపల వేయును. తేడా అంగుళము కంటె తక్కువ. పందికి ప్రాణస్థానము, అనగా గుండె ఊపిరితిత్తులున్న చోటు, ముందుకాలి మోచేతి వెనుకగా, శరీరములో క్రిందివైపునకు, టిఫిను పళ్ళెమంత ఉండును. ఆ పళ్ళెములో అంగుళము ఇటో అటో పడినను ఫలితము ఒకటే. చీకటిలో, దోమల నడుమ, నాలుగు గంటలు కూర్చున్న మనిషి చేయి వణకుటలోనే అంతకు పెక్కు రెట్లు తేడా వచ్చును. ఆ తేడాను ఏ గొట్టమును తీర్చలేదు. మంచె అంచున ధాన్యము బస్తా ఆనిక వేసినచో కొంత తీరును.

బరువు తుపాకికి మేలు లేకపోలేదు. ఆనికపై కదలక నిలుచును. భుజమును తక్కువగా తన్నును. కాని నిచ్చెన ఎక్కి మంచెకు చేర్చుటకును, కూర్చుండి చేతితో ఎత్తి అటునిటు త్రిప్పుటకును అది పనికిరాదు. మూతి బరువు వలన చేతులు త్వరగా అలసిపోవును. అందుచేత అట్టి తుపాకి తెచ్చినవాడు మంచె ఎక్కక, గట్టుపై బోర్లపడుకొని, రెండు కాళ్ళ ఆనికపై పెట్టి కాల్చజూచును. ఈ సంగతి దగ్గర రైతు కొంచెము ఆగి ఆలోచింపవలెను. మా దృష్టిలో పాఠమంతయు ఇక్కడనే ఉన్నది.

తప్పిన గుండు ఎక్కడికి పోవును

మంచె మీద కూర్చున్నవాని తుపాకి మూతి నేల నుండి 12 అడుగుల ఎత్తున నున్నదనుకొనుడు. పంది 40 గజములలో, అనగా 120 అడుగులలో ఉన్నది. గురి పైకి తప్పి గుండు పంది వీపు మీదుగా, మూడడుగుల ఎత్తున పోయినది. 120 అడుగులలో 9 అడుగులు దిగిన గుండు, మిగిలిన మూడడుగులు మరి 40 అడుగులలో దిగి నేలలో గ్రుచ్చుకొనును. మీ చేనిలోనే పడును.

అదే మనిషి నేలపై నిలుచుండి, అయిదడుగుల ఎత్తు నుండి కాల్చెననుకొనుడు. 120 అడుగులలో దిగునది రెండడుగులే. మిగిలిన మూడడుగులకు ఇంకను 180 అడుగులు పోవలెను. ప్రక్కవాని చేను.

గట్టు మీద బోర్లపడుకొన్నవాని తుపాకి మూతి నేల నుండి ఇంచుమించు మూడడుగులు. పంది వీపును మూడడుగులే. తప్పిన గుండు నేలకు సమముగా పోవును. దానిని దింపవలసినది భూమ్యాకర్షణ ఒక్కటే. రెండు వందల గజములు దాటిన తరువాత గాని అది నేల తాకదు. తాకినను గట్టి నేలయో రాయియో అయినచో ఎగిరి దిక్కు మార్చుకొని పోవును. గురి ఇంకొంచెము పైకి లేచినదా, పెద్ద రైఫిలు గుండు రెండు మూడు కిలోమీటర్లు పోగలదు. చిన్నదని అలుసు చేయు .22 గుండు కూడ కిలోమీటరున్నర దూరము పోగలదు.

ములుగు అడవిలో రాత్రివేళ మనుష్యులుండరని ఎవరైన అన్నచో, ఆయన ఈ ప్రాంతపువాడు కాడనుకొనవలెను. మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపువ్వు ఏరుటకు తెల్లవారకముందే కోయ స్త్రీలు, పిల్లలు గంపలతో బయలుదేరుదురు. ఆ తరువాత తునికాకు కోత. యాసంగి మక్క పాలు పట్టు దినములలోనే రెండేండ్లకొకసారి మాఘమాసములో మేడారము జాతర వచ్చును. తాడ్వాయి అడవి త్రోవల వెంట చెట్ల క్రింద కుటుంబములు కుటుంబములుగా పండుకొందురు. వాగు ప్రక్క చేపల వల వేసినవాడు దీపము లేకుండ కూర్చుండును. పొరుగు చేనిలో నీళ్ళు పెట్టబోయినవాడు మీకు చెప్పి పోడు. పశువుల సంగతి చెప్పనక్కరలేదు.

కనుక తుపాకి వచ్చుటకు ముందే ఒక కాగితముపై చేను గీయుడు. మంచె ఎక్కడ, ఇండ్లు ఎక్కడ, కాలిబాట ఎక్కడ, పొరుగువాని పాక ఎక్కడ అని గుర్తింపుడు. మంచె నుండి ఏ దిక్కునకు కాల్చిన గుండు చెరువుకట్టకో, గుట్ట వాలునకో తగిలి ఆగునో ఆ దిక్కు మాత్రమే కాల్పునకు ఉంచి, మిగిలిన దిక్కులలో మంచెకు అడ్డుకర్ర కట్టించుడు. చీకటిలో షికారీ దిక్కు మరచినను తుపాకి అడ్డుకర్రకు తగిలి ఆగును. కాల్పు రాత్రి ఊరిలో ముందుగా దండోరా వేయించుడు. ఇది తుపాకి బరువు కంటె వంద రెట్లు ముఖ్యము.

పెద్దాయనకు మా జవాబు కావున ఇది: నీ చేనికి తేలిక గొట్టమే. మరీ సన్నని గొట్టము అక్కరలేదు, మధ్యరకమైనను మంచిదే. మంచె ఎక్కించగలిగినదై యుండవలెను.

తూటా కొలత గురించి ఒక్క మాట. మన దేశములో పౌరులకు ఎక్కువగా దొరకుచు వచ్చిన పెద్ద రైఫిలు .315 కొలతది, పశ్చిమ బెంగాలులోని ఇషాపూరు ప్రభుత్వ కర్మాగారములో తయారైనది. దగ్గరి దూరములో పందికి అది చాలును. .22 మాత్రము పందిపై వాడరాదు. అది చంపదు, గాయపరచును. గాయపడిన పంది అడవిలో చేరి రోజుల తరబడి నరకము పడును, లేదా మరునాడు కట్టెలకు పోయినవానిపై దూకును. పన్నెండు బోరు తుపాకి ముప్పది గజములలోపల పనికివచ్చును. దానిని మంచి షికారీ చేతిలో చూచి తీసివేయకుడు.

తేలిక గొట్టమునకు చేయవలసిన సేవ

తేలిక గొట్టము ఎంచుకొన్నవారు మొదటి తూటాపైననే ఆధారపడవలెను. కనుక చల్లని గొట్టము నుండి వెళ్ళు మొదటి గుండు ఎక్కడ పడునో తెలిసియుండవలెను. బల్ల వద్ద పది తూటాలు వరుసగా కాల్చి గురి సరిచేసినవాడు వేడి గొట్టమునకు గురి సరిచేసినాడన్న మాట. రాత్రి మంచెపై అతని చేతిలో నుండునది చల్లని గొట్టము. ఈ పొరపాటు చేయువారు పెక్కుమంది.

మాకు తెలిసిన ఒక పాత షికారీ పద్ధతి ఇట్లుండును. అనుమతి గల గురి స్థలములో, యాబది గజములలో కాగితము నిలిపి, వరుసగా మూడు దినములు దినమునకొక్క తూటా మాత్రమే కాల్చును. అదే కాగితము, అదే తూటా రకము. మూడు రంధ్రములు పళ్ళెములో సగము చోటులో పడినచో తుపాకి సిద్ధమైనదనును. పడకున్నచో ఆ వారము మంచె ఎక్కడు. ఖర్చు మూడు తూటాలు. లైసెన్సుపై తూటాల లెక్క యుండును గనుక ఈ పద్ధతి జేబునకును మంచిది. మీరు పిలిపించు షికారీని ఆ కాగితము చూపుమని అడుగుడు. నొచ్చుకొనువానిని పిలువకుడు.

గొట్టములో నూనె తడి యున్నచో మొదటి గుండు వేరు చోట పడును. తుప్పు పట్టకుండ నూనె పూయుట మంచిదే గాని, మంచె ఎక్కుటకు ముందు పొడిగుడ్డతో లోపల తుడువవలెను.

ఇంకొకటి మన వానలకు సంబంధించినది. పాత రైఫిళ్ళ చెక్క తేమకు ఉబ్బి గొట్టమును ఒక ప్రక్క నుండి నొక్కును. దళసరి గొట్టము ఆ నొక్కుడును ఓర్చుకొనును. తేలిక గొట్టము ఓర్చుకొనదు, గురి మారును. ఎండాకాలములో సరిచేసిన గురి శ్రావణమాసములో పనికిరాకపోవుటకు కారణము చాలసార్లు ఇదే. గొట్టమును చెక్కకు ఆనకుండ అమర్చిన తుపాకి అయినచో, పది రూపాయల నోటు మడత పెట్టక గొట్టమునకును చెక్కకును నడుమ దూర్చి లాగి చూడవలెను. నోటు చివరి నుండి వెనుకకు సాఫీగా జరిగినచో మేలు. ఎక్కడనైన పట్టుకొన్నచో అక్కడ చెక్క ఉబ్బినదని అర్థము. తెలిసిన పనివానికి చూపి, మరల చల్లని గురి చూచుకొనవలెను.

పందిని కాల్చువానికి రైతు చెప్పగల మాట ఒకటి కలదు. పంది మెడపై, వీపుపై నిక్కిన జూలు వలన దాని శరీరము ఉన్నదానికంటె ఎత్తుగా కనబడును. కొత్తవారు ఆ ఎత్తులో సగము చూచి కాల్చి, వెన్ను పైగా తప్పుదురు. క్రింది మూడవ వంతును చూడవలెను. పిల్లలు వెంటనున్న తల్లిపందిని విడిచిపెట్టవలెను. గాయపడిన పంది మక్కలో దూరినచో చీకటిలో వెంబడింపరాదు. తెల్లవారిన పిదప, అటవీ సిబ్బందితో కలిసి వెదకవలెను. చచ్చిన పంది ప్రభుత్వపు సొత్తు; మాంసము పంచుకొనుటయు, కోరలు దాచుకొనుటయు నేరములు. పంచనామా వ్రాయించి, వారు చెప్పినట్లు పూడ్చవలెను.

కరెంటు తీగ సంగతి

ఇంత తతంగమెందుకు, మోటారు పెట్టె నుండి ఒక తీగ లాగి చేను చుట్టు కట్టినచో రాత్రికి రాత్రే తీరును గదా అనువారు ప్రతి సభలోను ఇద్దరుందురు. బహిరంగముగా అనరు, బయటికి వచ్చిన పిమ్మట చెవిలో అందురు. 2024 ఫిబ్రవరిలో మన పొరుగు భూపాలపల్లి జిల్లా కాటారము మండలపు అడవిలో, పందులకని వేటగాళ్ళు అమర్చిన కరెంటు తీగ తగిలి, గాలింపు విధిలో నున్న ఒక పోలీసు జవాను మరణించెను. తీగకు పంది యేదో, పోలీసు ఎవరో, తీగ కట్టిన రైతు కొడుకు ఎవరో తెలియదు. తుపాకి దగ్గర మనిషి ఉండి చూచి కాల్చును, తీగ చూడదు. మక్క పంట పోయిన ఒక యేడు అప్పు. తీగకు మనిషి పోయిన, కట్టినవాని యింటికి జైలు, పోయినవాని యింటికి దిక్కులేనితనము. సౌరశక్తితో తెగి తెగి ప్రవహించు తగిన కంచె యంత్రము వేరు. అది బెదరించును గాని చంపదు. దానిని కూడ తెలిసినవారిచే అమర్పించుకొనవలెను.

ఆ పెద్దాయన ఊరికి అనుమతి వచ్చినదని తరువాత తెలిసి మేము పోయి చూచితిమి. షికారీ వద్ద రెండు రైఫిళ్ళుండెను. బరువైనదానిని జీపులోనే ఉంచి, తేలికదానితో మంచె ఎక్కినాడు. మొదటి రాత్రి పందులు రాలేదు. రెండవ రాత్రి ఒక మగపంది పడినది. మూడవ రాత్రి మంద వాగు దాటి ప్రక్క ఊరి చేనిలో దిగినదని వార్త వచ్చినది. ఎంతటి గొట్టమైనను చేయగలిగినది ఇంతే. మిగిలినది కంచెయు, పంటయు చేయవలెను.

“ఇగ వచ్చే యాసంగికి ఏం జెయ్యమంటవు సారూ?” అని పెద్దాయన అడిగినాడు. మక్క చుట్టు నాలుగు వరుసలు ఆముదము దగ్గర దగ్గరగా వేయుమంటిమి. ఆముదము పందికి రుచింపదు. దట్టముగా పెరిగినచో లోపలి మక్క వాసనను కొంత మరుగుపరచును. వేరుసెనగ చుట్టు అయినచో ముండ్ల కుసుమ. రాజేంద్రనగరులోని మన వ్యవసాయ విశ్వవిద్యాలయములో పంటలను పాడుచేయు పక్షులు, జంతువులపై పనిచేయు విభాగము ఈ పద్ధతులను సిఫారసు చేయుచున్నది. అయితే ఆముదము మక్కతో పాటు వేసిన చాలదు. మక్క కంకి వేయునాటికి అది నడుమెత్తు దాటియుండవలెను గనుక, మక్క కంటె రెండు మూడు వారములు ముందుగా చేని చుట్టు తడి చూచి విత్తవలెను. వాగు వైపు, పందులు దిగు దారి యున్న చోట, రెండు వరుసలు అదనముగా వేయవలెను. విత్తనము తానే కొనుక్కొందునని పెద్దాయన చెప్పినాడు. గట్టు కొలతలు మాత్రము మా చేత వ్రాయించుకొన్నాడు.